మంచు ఊరి మీద మూడు గీతలు

ఆ గురువారం పొద్దున పదిన్నరకు దిలావర్ చేతిలో ఉన్న సరుకు తక్కువే. భయంతో నోరెండిపోయిన మనిషి ఒకడు, ఆ మనిషి జేబులోంచి తీసిన నాలుగు కాగితాలు, అసర్ నమాజు దాకా గడువు. ఆ రోజు అసర్ మధ్యాహ్నం మూడు గంటల నాలుగు నిమిషాలకు. అంటే నాలుగు గంటల ముప్పై నాలుగు నిమిషాలు. రియాద్ బతా బజారులో ఇరవై రెండేళ్లుగా బొమ్మల ఫ్రేములు, గాజు పలకల దుకాణం నడుపుతున్నవాడికి నమాజు వేళలు నిమిషంతో సహా నోటికి వస్తాయి. అజాన్ వినబడ్డాక షట్టరు దించడం ఆలస్యమైతే ఏమవుతుందో ఒకసారి చూసినవాడు మళ్లీ మర్చిపోడు.

భయపడ్డ మనిషి పేరు లింబాద్రి. జగిత్యాల వైపువాడు. డాక్టర్ సులైమాన్ అనే పెద్దమనిషి ఇంట్లోనూ, ఆయన చిన్న మెయింటెనెన్సు కంపెనీలోనూ పద్నాలుగేళ్లు పైపుల పని, కరెంటు పని చేశాడు. సౌదీలు ఎందరు, బయటివాళ్లు ఎందరు అని చూసి కంపెనీలకు రంగులు వేసే నితాకత్ చట్టంలో ఆ కంపెనీ ఎర్ర రంగులో పడింది. జనవరిలో బయటి పనివాళ్ల మీద లెవీ పన్ను పెరిగింది. డాక్టరు కంపెనీకి తాళం వేసి, లింబాద్రికి దేశం వదిలి వెళ్లే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు. దాని గడువు ఈ రాత్రితో సరి. విమానం ఎనిమిదీ ఇరవైకి.

నిన్న రాత్రి డాక్టరు ఇంట్లో గోడ మీది బొమ్మ మారిపోయిందని తేలింది. అసలుది పోయి దాని చోట నకలు ఉంది. ఇవాళ అసర్ తర్వాత డాక్టరు లింబాద్రి మీద పోలీసు ఫిర్యాదు ఇస్తాడు. ఫిర్యాదు పడితే ప్రయాణం ఆగుతుంది, ఎగ్జిట్ పోతుంది, లోపలికి వెళ్లినవాడు ఎప్పుడు బయటికొస్తాడో చెప్పే నాథుడుండడు.

మెస్సులో పాస్‌పోర్టు పోయినా, కార్గోలో డబ్బా మాయమైనా బతాలో మనవాళ్లు స్టేషను కంటే ముందు దిలావర్ దుకాణం మెట్లెక్కుతారు. లింబాద్రీ అలాగే వచ్చాడు.

"ఖాజాభాయి వద్దన్నడు గని నేనే అచ్చిన అన్నా," అన్నాడు. "దిలావర్ భాయికి షాపు లొల్లులే శాన ఉన్నయి, ఆయిన జోలికి వోకు అన్నడు."

దిలావర్ తలెత్తాడు. ఖాజావలి డాక్టరు గారి డ్రైవరు. దిలావర్‌లాగే ఆదోనివాడు, అదే పేట. పదహారేళ్లుగా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరిదీ ఒకే పళ్లెం.

"ఆ బొమ్మ నువ్వెప్పుడన్నా చూసినావా?"

"సూడకేం? దాని కింద స్విచ్చుబోర్డు ఎన్నిసార్లు బాగుజేసిన! మంచు వడ్డ ఊరు. తెల్లటి ఇండ్లు, మోడు చెట్లు, ఎర్ర శాలువ గప్పుకున్న ఆడామె నడుసుకుంట వోతది. దగ్గరికి వోతే ఏం గానరాదు అన్నా, సున్నం జల్లినట్టు ఉంటది. దూరం జరిగితేనే ఊరైతది."

"మంగళవారం ఆ ఇంటికి ఎందుకు పోయినావు?"

"నా పనిముట్ల సంచి ముందర మజ్లిస్ అర్రల ఉండె. మల్ల ఊరికి పంపే డబ్బలు రెండు ఖాజాభాయికి అప్పజెప్పిన. డాక్టరుసాబు జిద్దా వోయిండు, కారు ఖాళీగున్నది, కార్గోల నేనే ఏత్త అన్నడు. సంచి కోసం లోపల పావుగంట ఉన్న. గా పావుగంటే నా మెడకు సుట్టుకున్నది."

"డబ్బాలు ఎంత తూగినాయి?"

ఆ పొద్దున మొదటిసారి లింబాద్రి గొంతులో ధైర్యం వచ్చింది. "ఒకటి ఇరవై ఎనిమిది, ఒకటి ముప్పై. మెస్సుల తూకానికి ఏలాడదీసి ముగ్గురం సూసినం."

దిలావర్ నమ్మాడు. ఊరికి పోయే మనిషి పిల్లల పుట్టినరోజులు తడబడి చెప్పొచ్చు గానీ, తను కట్టిన డబ్బా తూకం తప్పు చెప్పడు. దుప్పటి ఒకటి తీసి, పాలపొడి డబ్బా ఒకటి పెట్టి, మళ్లీ తీసి, నాలుగు రాత్రులు ముడి విప్పుతూ కట్టుతూ తెచ్చుకున్న అంకె అది.

నాలుగు కాగితాల్లో ఎగ్జిట్ కాగితం, టికెట్టు, పాస్‌పోర్టు నకలు పక్కన పెట్టి నాలుగోది విప్పాడు. కార్గో బిల్లు. రెండు డబ్బాలు. ఒకదాని బరువు ఇరవై ఎనిమిది. రెండోదాని బరువు ముప్పై ఆరు.

"ఈ బిల్లు నువ్వు చూసుకున్నావా?"

"సూసుడేంది? ఖాజాభాయి పొద్దుగాల్ల తెచ్చిచ్చిండు. పైసలు కూడ ఆయినే కట్టిండు, ఊరికి వోయినంక సూసుకుందాం అన్నడు. మంచోడు."

దిలావర్ బిల్లు మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆరు కేజీల సంగతి పైకి అనలేదు. చేతికి వచ్చిన సరుకు ధర వెంటనే చెప్పే అలవాటు అతనికి లేదు.

అప్పుడే దుకాణం తలుపు తోసుకుని జబీ వచ్చాడు. డాక్టరు గారి ఆఫీసు మేనేజరు. హైదరాబాదువాడు, మెడలో టై, చంకలో తోలు సంచి. పనివాళ్ల పాస్‌పోర్టులన్నీ ఆ సంచిలోనే తిరుగుతుంటాయి.

"పర్ఫెక్ట్!" అన్నాడు లింబాద్రిని చూసి. "చోరీ చేసినోడు, మాల్ తీసుకున్నోడు, సేమ్ ప్లేస్. దిలావర్ భాయ్, షాప్ సర్చ్ చేయాలె. డాక్టర్ సాబ్ పర్మిషన్ ఉంది."

"చేసుకో నాయనా. గాజు పలకలుండాయి, చెయ్యి భద్రం. నీకేమన్నా అయితే డాక్టరు గారికి ఇంగ్లీషు ఎవురు మాట్లాడేది?"

జబీ ఇరవై నిమిషాలు వెతికాడు. చెక్కబద్దల కట్టలు కదిపాడు, గాజుపెట్టెల వెనక తొంగి చూశాడు, దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు. బయటికి వచ్చి టై దులుపుకుంటూ, "నో ప్రాబ్లం. ఈ లైన్‌లో ఇంకా సిక్స్ షాప్స్ ఉన్నయ్. బతాలోనే అమ్మిండు, నాకు హండ్రెడ్ పర్సెంట్ తెలుసు," అన్నాడు. ఇంతలో గుమ్మం మీది బోర్డు వంక వేలు చూపించాడు. "అన్నట్టు, బోర్డు మీద పేరు ఓ సౌదీది. గల్లాపెట్టె మీద కూర్చునేది నువ్వు. లేబర్ ఆఫీసువాళ్లకు ఇది చాలా ఇంట్రెస్టింగ్ స్టోరీ, తెల్సా?"

సౌదీ పేరు మీద బయటివాళ్లు దొంగచాటుగా నడిపే ఇలాంటి దుకాణాలు ఆ వీధిలో ముప్పై ఉన్నాయి. వాటిని పట్టించినవాడికి బహుమతులిస్తున్న రోజులు. దిలావర్ ముఖం మారలేదు.

"ముందు నేను బొమ్మ చూడాల."

"నువ్వా? ఫ్రేమ్‌లు కట్టేవాడివి. ఆర్ట్ గురించి నీకేం తెలుసు?"

"దానికి ఫ్రేము కట్టింది నేనే. మీద గాజు వేసింది నేనే, నాలుగేళ్ల కిందట. దాన్ని వారం రోజులు ఇదే బల్ల మీద పెట్టుకొని పన్నేసినా. డాక్టరు గారికి నువ్వు ఫోన్ చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

*

పదకొండూ పదికి మలజ్ పేటలోని డాక్టరు ఇంటికి చేరారు. ఇంకా మూడు గంటల యాభై నాలుగు నిమిషాలు.

డాక్టర్ సులైమాన్‌కి డెబ్భై ఆరేళ్లు. కూర్చున్నా వెన్ను వంగదు. దిలావర్ సలాం చెప్పి, మొట్టమొదట అడిగింది బొమ్మ గురించి కాదు.

"డాక్టర్ సాబ్, ఇతని మీద అనుమానం ఉన్నప్పుడు పాస్‌పోర్టు ఎక్కడుంటే మంచిది? మీ కళ్ల ముందుంటే మంచిది."

"కరెక్ట్! పారిపోకుండా," అంటూ జబీ ఉత్సాహంగా సంచి తెరిచి లింబాద్రి పాస్‌పోర్టు డాక్టరు ముందున్న బల్ల మీద పెట్టాడు. లింబాద్రి ముఖం ఇంకా పాలిపోయింది. దిలావర్ అతని వంక చూడలేదు. ఆ పుస్తకం జబీ సంచిలోంచి బయటపడింది, ప్రస్తుతానికి అంతే చాలు.

"మీకు ఎలా తెలిసింది సాబ్, ఇది నకలని?"

డాక్టరు అరబ్బీలో నెమ్మదిగా చెప్పాడు. "నేను వైద్యం చదివింది ఫ్రాన్సులో. మంచు మొదటిసారి చూసింది అక్కడే. తిరిగొచ్చేటప్పుడు ఒక పాతబొమ్మల కొట్లో దీన్ని కొన్నాను. వేసినవాడి పేరు కూడా లేదు. యాభై ఏళ్లుగా సాయంత్రం ఇక్కడ కూర్చుని గహ్వా కాఫీ తాగుతాను, అది అక్కడ ఉంటుంది, రెండు గుక్కలయ్యేసరికి ఊరు వస్తుంది. పొగ గొట్టాలు, బాట, ఆ ఎర్ర శాలువా. నిన్న జిద్దా నుంచి వచ్చి కూర్చున్నాను. మూడు కప్పులు తాగాను. ఊరు రాలేదు."

"సాబ్ కళ్లకు ఆపరేషన్ అయింది కదా, నేను ముందు అదే అనుకున్నా," అన్నాడు జబీ.

"కళ్లు సరిగ్గానే ఉన్నాయి," అన్నాడు దిలావర్, అప్పటికే బొమ్మ దగ్గర నిలబడి.

ఫ్రేము తనదే, మూలల్లో తన మేకులే. రియాద్ పొడిగాలికి మూలలు విచ్చుకుంటే పుట్టీ పెట్టిన గుర్తూ అలాగే ఉంది. గాజు తీసి పక్కన పెట్టి ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. ప్రతి కిటికీకి చట్రం, ప్రతి చెట్టుకు విడివిడిగా కొమ్మలు, ఎర్ర శాలువా ఆవిడకు కళ్లూ ముక్కూ కూడా. పది అడుగులు వెనక్కి జరిగాడు. మందుల షాపు బోర్డులా బిగుసుకుపోయి ఉంది. అసలుది సరిగ్గా దీనికి తిరగబడి ఉండేది. దగ్గర రంగు ముద్దలు, దూరాన ఊరు. దాంట్లో చెట్ల నీడలు మంచు మీద నీలంగా, ఊదాగా పడేవి. నలుపు అన్నదే లేదు. దీంట్లో నీడలు గోధుమ రంగు. ఇసుక మీద పడే నీడ తప్ప వేరే నీడ ఎరగని చెయ్యి వేసింది.

తెలుపు మందంగా ఉన్నచోట గోరు నొక్కాడు. గోరు దిగింది గానీ రంగు అంటలేదు. ఆ రంగు వేసి పది రోజులకు తక్కువ కాదు, నెలకు ఎక్కువ కాదు.

అప్పుడు బొమ్మలోని ఆకాశం చూశాడు. కుడివైపు, ఇళ్ల కప్పుల మీద, లేత పసుపు గీతలు మూడు. పక్కపక్కనే, ఒకే పొడవు.

"ఇవి ఏంది?"

"క్లౌడ్స్," అన్నాడు జబీ.

"మబ్బులకు స్కేలు పెట్టి గీస్తారా అప్పా?"

దిలావర్ తల పైకెత్తాడు. మజ్లిస్ గది కప్పుకు కొత్త దీపం. మూడు పొడుగాటి గొట్టాలు వరసగా బిగించిన పెట్టె.

"ఈ దీపం ఎప్పుడు పెట్టించారు సాబ్?"

"మూడు వారాలయింది. లింబాద్రి అప్పటికే తాళంచెవులు ఇచ్చేసి బతాకు మారిపోయాడు. వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాం."

దిలావర్ గాజును మళ్లీ ఫ్రేములో నిలబెట్టి, దీపం వేయించి, గదిలో నడవడం మొదలుపెట్టాడు. డాక్టరు కుర్చీలో వంగి చూస్తే గాజులో కిటికీ కనిపించింది. జబీ కూర్చునే సోఫా నుంచి తన గడ్డమే కనిపించింది. అడుగడుగూ కొలుస్తూ తలుపు దాకా వచ్చి, చెప్పులు వదిలే చోట, తివాచీ అంచుకు ఇవతల నిలబడ్డాడు. గాజులో, ఇళ్ల కప్పుల మీద, సరిగ్గా కుడివైపు, మూడు గొట్టాలు వెలిగాయి.

"సాబ్, ఇట్లా వచ్చి చూడండి."

డాక్టరు వచ్చి చూశాడు. నకలు మీది పసుపు గీతలూ, గాజులో గొట్టాలూ ఒకే చోట ఉన్నాయి.

"దీనికి ఫోన్లో ఫోటో తీసినారు," అన్నాడు దిలావర్. "ఆ ఫోటో పెట్టుకొని ఎవురో బోర్డులు రాసే మనిషి ఈ నకలు వేసినాడు. బొమ్మ మీద గాజుందని వానికి తెలీదు. గాజులో పడిన దీపాన్ని ఆకాశం అనుకొని భక్తిగా దించినాడు. అంటే ఫోటో తీసింది దీపం పెట్టినాక. మూడు వారాల లోపల. లింబాద్రి ఈ ఇంట్లో లేనప్పుడు."

"మంగళవారం తీసుకొని ఉండొచ్చు!" అన్నాడు జబీ.

"మంగళవారం తీసి, వేయించి, ఆరబెట్టి, బుధవారం రాత్రికి గోడకు తగిలించినాడా? నీ ఆఫీసులో ఫైలు అంత స్పీడుగా కదుల్తే ఆ కంపెనీ మూతపడేదే కాదు."

జబీ ముఖం ఎర్రబడింది. "మైండ్ యువర్ టంగ్! నువ్వు ఏ పేరు మీద వ్యాపారం చేస్తున్నావో..."

"అది ఇందాకే చెప్పినావు. కొత్తది చెప్పు."

డాక్టరు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. దిలావర్ తను నిలబడిన చోటు వంక మళ్లీ చూశాడు. డాక్టరు అయితే నేరుగా బొమ్మ దాకా వెళ్లి తీస్తాడు. జబీ అయినా అంతే. ఇల్లు ఖాళీగా ఉన్నా అలవాటు చొప్పున తివాచీ మీద కాలు పెట్టని మనిషి తీసిన ఫోటో ఇది.

ఆ చోటనే, గహ్వా కూజా పట్టుకుని, ఖాజావలి నిలబడి ఉన్నాడు.

*

"రా ఖాజా. ఒక కప్పు పొయ్యి," అన్నాడు దిలావర్.

ఇద్దరూ మామూలుగా మాట్లాడుకునేది ఉర్దూనే. మనసులో మాటైతే ఆదోని తెలుగులోకి దిగుతారు. ఇప్పుడు దిలావర్ తెలుగులో అడిగాడు.

"మంగళవారం, నిన్న, యాడుంటివి?"

"యాడికి పోతా అన్నా? సాబు జిద్దాకు పోయినాడని ఇంట్లోనే పడుంటిని. నిన్న రాత్రి ఏర్‌పోర్టుకు పోయి సాబును తెచ్చినా. రియాద్ పొలిమేర దాటలేదు."

"లింబాద్రి డబ్బాలు?"

"బతాలో కార్గో బండి నిలబడ్తాది కదా, దాంట్లో ఎక్కించేసినా. అంతే."

అతని జేబులో ఫోన్ మోగింది. పాట కాదు, అజాన్. ఖాజావలి గబుక్కున తీసి నొక్కాడు. "జుహర్ వేళ అయిపాయనే," అన్నాడు.

దిలావర్ గడియారం చూసుకున్నాడు. పదకొండూ నలభై తొమ్మిది.

వీధి అవతల మసీదు ఉంది. దాని మైకు కిర్రుమనలేదు. ఈ రోజు రియాద్‌లో మధ్యాహ్నపు జుహర్ నమాజు పన్నెండూ రెండుకు. దిలావర్ దుకాణంలో అద్దం పక్కనే అంటించి ఉన్న కాగితంలోని వేళ అది, రోజూ చూసేదే.

దిలావర్ కప్పు చాపాడు.

"ఇంకొంచెం పొయ్యి. ఏలకులు బాగా పడినాయి. ఇంట్లో ఆయేషా ఎట్లుండాది? దినాలు నిండినాయి కదా?"

"ఫిబ్రవరి అన్నారు."

"పిల్లోళ్లు?"

"బాగుండారు."

పదమూడు నిమిషాలు గడపాలి. దిలావర్ ఏలకుల మాట ఎత్తాడు, ఆదోని పత్తి ధర ఎత్తాడు, జబీని ఆఫీసు తాళాలు ఎవరి దగ్గరుంటాయని అడిగి తిట్లు తిన్నాడు, లింబాద్రి చేత మంగళవారం సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పించాడు. ఎవరికీ అర్థం కాలేదు. డాక్టరు మాత్రం ఒకసారి కిటికీ వంక, ఒకసారి ఖాజావలి జేబు వంక చూశాడు.

పన్నెండూ రెండు. వీధి అవతలి మైకు కిర్రుమంది. ఆ వెంటనే ఇంకో మసీదు, దాని వెనక ఇంకోటి. మలజ్ అంతా అజాన్ నిండింది.

అజాన్ అయిపోయాక దిలావర్ కప్పు కింద పెట్టాడు.

"ఖాజా, నీ ఫోన్ పదమూడు నిమిషాలు ముందు పిలిచిందే."

"ఫోన్ కదన్నా... పాతది."

"ఫోన్ పాతదే. అందుకే ఊరు పేరు చేత్తో మార్చాల. పదకొండూ నలభై తొమ్మిదికి జుహర్ అయ్యేది దమ్మామ్‌లో. అక్కడ పొద్దు మనకంటే ముందు తిరుగుతాది. మంగళవారం పోయినావు, నమాజు తప్పగూడదని ఊరు మార్చుకున్నావు. నిన్న రాత్రి నేరుగా ఏర్‌పోర్టుకు వచ్చినావు, మళ్లీ మార్చుకునేది మర్చిపోయినావు. నమాజు ఎగ్గొట్టే మనిషివై ఉంటే ఈ రోజు నాకు దొరికేవాడివి కాదప్పా."

దిలావర్ చొక్కా జేబులోంచి బిల్లు తీశాడు.

"లింబాద్రి కట్టింది ముప్పై. దమ్మామ్‌లో తూగింది ముప్పై ఆరు. ఆ ఆరు కేజీలు ఏందో నువ్వే చెప్పు. లింబాద్రి ముఖం చూస్తా చెప్పు."

"జమాత్ నమాజ్‌కి లేట్ అయితది, ఐ విల్ కమ్ బ్యాక్," అని జబీ సంచి తీసుకుని బయటికి నడిచాడు. ఆ క్షణాన అతన్ని ఎవరూ చూడలేదు.

ఖాజావలి కూజా గుమ్మంలో పెట్టాడు. పదహారేళ్లలో మొదటిసారి డాక్టరు ఎదుట తివాచీ మీద కాలు పెట్టాడు. మధ్యకు వచ్చి అక్కడే కూలబడ్డాడు.

"ఇంట్లో నలుగురికి లెవీ అన్నా. మనిషికింతని, ఏడాదిది ఒక్కసారే. కట్టకపోతే ఈడుండేదానికి ఇఖామా కాగితం తిరగదు. ఆయేషా నిండు నెలల్తో విమానం ఎక్కలేదు."

"నాకు పడలేదా లెవీ? మా ఖుర్షీదాను, పిల్లోళ్లను ఆగస్టులో ఊరికి పంపినా. ఏర్‌పోర్టుకు దింపింది నువ్వే. వాళ్లు లోపలికి పోయినాక కార్లో నేను ఏడిస్తే చూసింది నువ్వే."

ఖాజావలి తలొంచుకున్నాడు. "చెక్కపలకల మధ్య పెట్టి, దుప్పట్లో చుట్టినా. రియాద్ ఆఫీసులో డబ్బాలు విప్పి చూస్తారని నేనే దమ్మామ్ గుడౌన్‌కు తీసుకుపోయినా. హైదరాబాద్‌లో తీసేవాళ్లు తీసి మళ్లీ కట్టేస్తారు. లింబాద్రికి తెలీనే తెలీదు అనుకున్నా. సాబు కనిపెడ్తాడనుకోలేదు."

"నేను జైలుకు వోతాంటె గుడ నోరు తెరవకపోతివి గదనే," అన్నాడు లింబాద్రి. అరవలేదు. "నిన్ను మంచోడన్న గద, ఇప్పుడే. ఈ నోటితోటే."

దిలావర్ ఆ మాటలు అరబ్బీలో చెప్పగానే డాక్టరు లేచాడు. బల్ల మీది ఫిర్యాదు కాగితం రెండుగా చింపాడు. పాస్‌పోర్టు తీసి తన చేత్తో లింబాద్రి చేతిలో పెట్టి, అతని భుజం ఒకసారి పట్టుకున్నాడు. ఖాజావలితో అరబ్బీలో ఒక్క మాట అన్నాడు. "నీ సంగతి నమాజు తర్వాత."

"ఒకటి మిగిలింది ఖాజా," అన్నాడు దిలావర్. "నువ్వు మంచు కూడా చూడనోడివి. ఆ బొమ్మకు ధర ఉందని, కొనేవాడున్నాడని నీకెవురు చెప్పినారు?"

ఖాజావలి తలెత్తాడు. ఇందాక జబీ కూర్చున్న సోఫా వంక చూశాడు. సోఫా ఖాళీగా ఉంది.

దిలావర్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. మసీదు ఎదురుగానే ఉంది. మనుషులు లోపలికి పోతున్నారు. జబీ కారు మాత్రం ఇంటి ముందు లేదు.

"లింబాద్రీ, బిల్లు మీద అన్ని ఊర్ల నంబర్లుండాయి. దమ్మామ్ గుడౌన్‌కు నువ్వే కొట్టు. డబ్బా నీది. స్పీకర్లో పెట్టు."

ఎత్తింది చెంచయ్య అనే గుమాస్తా, నెల్లూరు మనిషి. "నమాజు టైమండీ, షట్టరు దించేసి క్యారేజీ విప్పా, చెప్పండి."

"సారూ, నేను లింబాద్రిని. రెండు డబ్బలు. ముప్పై ఆరు కిలోలది ఉన్నది సూడుండ్రి..."

"లింబాద్రి గారా? మీరు ఇండియా వెళ్లిపోయారన్నాడే! ఇప్పుడే, అయిదు నిమిషాలు కాలేదు. ఆ డబ్బా పక్కన పెట్టు, మనిషిని పంపిస్తున్నా, షట్టరు తెరిచేసరికి అక్కడుంటాడు అన్నాడు."

"ఎవలు?"

"పేరు చెప్పలేదండీ. మాటకు ముందో ఇంగ్లీషు ముక్క, వెనకో ఇంగ్లీషు ముక్క. నంబరు చదవమంటారా?"

చదివాడు. డాక్టరు తన ఫోన్‌లో ఆ నంబరు వెతికి, తెరను దిలావర్ వైపు తిప్పాడు. జబీ.

దమ్మామ్‌లో షట్టర్లు ఇంకో పది నిమిషాల్లో లేస్తాయి. ఇక్కడి నుంచి నాలుగు గంటల దారి. లింబాద్రి ఒకసారి దిలావర్ ముఖం చూసి, ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"సారూ, నేను యాడికి పోలే. రియాద్‌లనే ఉన్న. బిల్లు నా చేతిల ఉన్నది, పాస్‌పోర్టు నా చేతిల ఉన్నది. ఎవ్వడొచ్చినా నా డబ్బ ఇయ్యకు. షట్టరు ఎత్తకు. ఇప్పుడే వీడియో పెట్టి విప్పు."

"ఓనరు మీరుండగా ఎవడికో నేనెందుకిస్తానండీ? ఉండండి."

తెర మీద తాళ్లు తెగాయి, అట్ట విచ్చుకుంది. లింబాద్రి పెట్టిన పాలపొడి, సబ్బులు, పూల దుప్పటి. దుప్పటి మడతల్లో రెండు చెక్కపలకలు. వాటి మధ్య నుంచి చెంచయ్య ఒక గుడ్డ పలకను బయటికి తీసి ఫోన్‌కు అంటించినంత దగ్గరగా పెట్టాడు. తెలుపు, నీలం, ఊదా ముద్దలు తప్ప ఇంకేమీ లేవు.

"ఏంటండీ ఇది, సున్నం వేసిన గోడలా ఉంది?"

"గోడకు ఆనించి వెనక్కి జరుగు స్వామీ," అన్నాడు దిలావర్. "ఇంకా. ఇంకా వెనక్కి. పది అడుగులు."

చెంచయ్య వెనక్కి నడిచాడు. నీలం ముద్దలు నీడలయ్యాయి. తెల్ల మరకలు కప్పులయ్యాయి. బాట మీద ఒక ఎర్రటి చుక్క కదిలినట్టే అయింది.

"వచ్చింది," అన్నాడు డాక్టరు.

అదే నిమిషంలో దమ్మామ్ గుడౌన్ షట్టరు మీద ఎవరో దబదబా బాదడం ఫోన్లో వినబడింది. చెంచయ్య భయపడలేదు. "ఓనరు ఒప్పుకోలేదు, పొండి!" అని లోపలి నుంచే అరిచి, బొమ్మను పలకల మధ్య పెట్టేశాడు. డాక్టరు బొమ్మను తెప్పించడానికి దమ్మామ్‌లో ఉన్న తన అల్లుడికి ఫోన్ కలుపుతున్నాడు.

దిలావర్ జేబులో ఫోన్ గిలగిలలాడింది. జబీ పంపిన సందేశం, ఒకటే వాక్యం. రేపు శుక్రవారం, ఎల్లుండి సెలవు, ఆదివారం లేబర్ ఆఫీసువాళ్లు నీ బోర్డు చదవడానికి వస్తారు.

పన్నెండూ ముప్పై. అసర్‌కి ఇంకా రెండు గంటల ముప్పై నాలుగు నిమిషాలు మిగిలే ఉన్నాయి. దిలావర్ మనసులో లెక్క కట్టుకున్నాడు. వచ్చినవి: ఒకాయనకు ఆయన చలికాలం, ఒకడికి ఎనిమిదీ ఇరవై విమానంలో సీటు, తనకు ఆదివారం దాకా గడువున్న ఒక శత్రువు. పోయింది ఒకటే. రేపు మధ్యాహ్నం పళ్లెంలో అవతలి సగం. ఎటు తిప్పి కూడినా, తివాచీ మధ్యలో తలొంచుకుని కూర్చున్న ఆ మనిషి దగ్గరికి వచ్చేసరికి లెక్క ఆగిపోతోంది. బేరం మాత్రం నష్టం కాదని దిలావర్‌కు తెలుసు. గుమ్మంలో చెప్పులు వేసుకుని, లింబాద్రిని ముందు నడవమన్నాడు.